ఎరుపు లేదని చెప్పింది నేనే

ఇన్‌స్పెక్టర్ మేడమ్ గారికి,

ముందుగా నా రాతను, అందులోని తప్పులను మన్నించండి. నోటితో చెప్పమన్నారు గానీ, ఎదురుగా ఇంతమంది ఉంటే చెప్పాల్సింది సగం మరిచిపోతాను. అందుకే మీరు ఒప్పుకున్నాక నేనే రాస్తున్నాను. నా పేరు, చిరునామా పైన స్టేషన్ రైటర్ గారు రాసుకున్నారు. వయసు ఇరవై రెండు. ఆరో తరగతి వరకు చదివాను. ఇంటి పని చేసుకుంటాను. మీరు లోపల ఉంచినాయన నా భర్త.

ఆయన ఉద్యోగం గురించి ఆయన చెప్పగా నాకు అర్థమైనంత రాస్తాను. ఎక్కడో దూరంగా ఉండే అద్దె కంప్యూటర్లలో కంపెనీకి ఒక గది లాంటిది ఉంటుంది. దాన్ని వర్క్‌స్పేస్ అంటారు. యంత్రానికి నేర్పే పని అంతా అందులో జరుగుతుంది. అందులోకి ఎవరు రావాలి, ఎంత పెద్ద కంప్యూటర్ కావాలి, ఏ తాళం వేయాలి అనేవన్నీ మా ఆయన ఒక ఫైల్లో కోడ్‌గా రాస్తారు. ఫైల్లో ఎలా ఉంటే గది అలా తయారవుతుంది. పసిపిల్లల గుండె చప్పుడు విని జబ్బు కనిపెట్టడం ఆ యంత్రానికి నేర్పుతున్నారు. ఆసుపత్రుల నుంచి వచ్చిన చప్పుళ్లన్నీ ఆ గదిలోనే ఉండేవి. ఒకసారి నాకు ఒకటి వినిపించారు. చిన్న పిట్ట పరిగెడుతున్నట్టు ఉంది.

పోయిన నెల ఆయన కుడి కంటికి ఆపరేషన్ అయింది. ఎడమ కన్ను మొదటి నుంచీ మసకే. కొన్నాళ్లు కంప్యూటర్ తెర చూడొద్దని కంటి డాక్టరు గట్టిగా చెప్పారు. ఆయన పైఅధికారిని మేము పెద్దసారు అంటాం. పెద్దసారు సెలవు ఇవ్వలేదు. ఫోన్లో మాటా మాటా పెరిగింది. "నేను చెయ్యి తీస్తే మీ వర్క్‌స్పేస్ ఒక్క రోజు నిలవదు సార్" అని మా ఆయన అన్నారు. అన్న మాట నిజమే, నేను విన్నాను. కోపంలో అన్నారు. పెద్దసారు మీకిచ్చిన ఫిర్యాదులో బెదిరింపు అని రాసింది ఆ మాటనే.

ఫోన్ పెట్టేసి మంచం మీద తల పట్టుకుని కూర్చున్నారు. నేను ఉండబట్టలేక, "నాకు వేళ్లున్నాయి కదండీ" అన్నాను.

"ఇంగ్లీషు అక్షరాలు వచ్చా నీకు?"

"గుర్తుపడతాను. అర్థం మాత్రం అడక్కండి."

"అర్థం నా దగ్గరుందిలే. అక్షరాలు నువ్వు కొట్టు."

అత్తయ్య పక్క గదిలోంచి, "బాగుందిరా వరస. ఉద్యోగం నీది, చాకిరీ దానిది. ఆ జీతమేదో దానికే ఇప్పించు" అన్నారు.

"టైపిస్టు గారు ఒప్పుకోవాలి కదమ్మా" అన్నారాయన. నేను నవ్వు ఆపుకోలేక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన కళ్లు మూసుకుని ఒక్కో అక్షరం చెప్పేవారు, నేను ఒక్క వేలితో కొట్టేదాన్ని. పాస్‌వర్డ్ కూడా నాకే చెప్పారు.

ఫైలు రాయడం అయ్యాక ఒక ఆజ్ఞ కొట్టాలి. అప్పుడు కంప్యూటర్ తాను ఏమేం చేయబోతోందో ముందుగా చూపించి, సరేనా అని అడుగుతుంది. "రంగులు చూస్తే చాలు" అని నేర్పారు. "ఆకుపచ్చయితే కొత్తది పెడుతుంది. పసుపయితే ఉన్నదాన్ని మారుస్తుంది. ఎరుపయితే తీసేస్తుంది. ఎరుపు కనిపించిందో, చెయ్యి వెనక్కి తీసెయ్."

చిన్న చిన్న మార్పులు చాలా చేశాం. ప్రతిసారీ "ఎరుపు ఉందా?" అనేవారు. "లేదండీ" అనేదాన్ని. నిజానికి నాకు ఆకుపచ్చ కూడా ఎప్పుడూ కనిపించలేదు. పసుపూ కనిపించలేదు. అడుగుదామనుకున్నాను. ఇంత చిన్న విషయం తెలియదా అనుకుంటారని ఊరుకున్నాను. అడగాల్సింది. మేడమ్ గారూ, అడగాల్సింది.

మంగళవారం ఉదయం పది దాటాక పెద్దసారు ఫోన్ చేశారు. గదికి పాత తాళం బదులు కంపెనీ సొంత తాళం వేయాలన్నారు. మా ఆయన చెప్పారు, నేను కొట్టాను. "ఇది ఉన్నదాని మీద మార్పే అయి ఉండాలి. అయినా చూడు" అన్నారు. ఆజ్ఞ కొట్టగానే వరసలు చాలా వచ్చాయి. ఎప్పుడూ అన్ని రాలేదు. వరసల మొదట్లో చిన్న గీతలున్నాయి. పేర్ల మధ్యలో కూడా అలాంటి గీతలే ఉంటాయి కాబట్టి నేను పట్టించుకోలేదు.

"ఎరుపు ఉందా?"

"లేదండీ."

"సరిగ్గా చూశావా?"

"చూశానండీ. ఎక్కడా లేదు."

"అయితే సరేనని కొట్టెయ్."

కొట్టాను. పొయ్యి మీద పాలు పెట్టానని గుర్తొచ్చి లేచాను. పాలు పొంగకముందే పెద్దసారు మళ్లీ ఫోన్ చేశారు. గది ఖాళీగా ఉందని అరిచారు. తాళం మార్చడమంటే అక్కడ మార్పు కాదట. పాత గదిని కూల్చేసి, కొత్త తాళంతో కొత్త గది కడుతుందట. కట్టింది. లోపల ఏమీ లేదు.

మా ఆయన కంటి కట్టు తీసేసి తెర దగ్గరికి వచ్చారు. ముఖం ఆనించినంత దగ్గరగా పెట్టి చాలాసేపు చూశారు.

"ఇది ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అన్నారు.

"ఎలాగండీ?"

"నువ్వు వంటింట్లో ఉన్నావు. ఎవరడిగినా అంతే" అన్నారు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నిన్న మా బావగారు, అంటే ఆయన అన్నగారు, నన్ను ఇక్కడికి తీసుకొచ్చారు. "పాస్‌వర్డ్ నీకిచ్చాడని తెలిస్తే ఇద్దరూ లోపలే, నోరు మెదపకు" అన్నారు. అందుకే నేను వంటింట్లో ఉన్నానని, ఏమీ తెలియదని నిన్న రాసిచ్చాను. అది అబద్ధం. మా ఆయనేమో తానే కళ్లారా ఎరుపు చూసి, తానే సరేనని కొట్టానని మీకు చెప్పారట. చూసి కొట్టారంటే కావాలని చేసినట్టే అవుతుందని మీరు అన్నాకే నాకు తెలిసింది. ఆయన చూడలేదు. ఆయన నన్ను అడిగారు. రెండుసార్లు అడిగారు.

ఈ ఉదయం మీరు నా ఎదుటే ఆ కంప్యూటర్ తెరిపించారు. తెరంతా బూడిద రంగే. ఆపరేషన్‌కి ముందు వెలుగు కంట్లో గుచ్చుకుంటోందని తానే రంగులు తీసేయించుకున్నానని, ఆ సంగతి మరిచిపోయానని, మీరు అడిగాక మా ఆయన ఇప్పుడు చెప్పారు. నేను ఆ తెరను వేరేలా ఎప్పుడూ చూడలేదు. మీ కంప్యూటర్ అబ్బాయి రంగులు మళ్లీ పెట్టి, మంగళవారం నాటి వరసలు చూపించాడు. పైనుంచి కింది దాకా ఎరుపే. మొదట్లో ఉన్న ఆ చిన్న గీతలకు అర్థం కూడా తీసేయడమేనట. కళ్లున్నదాన్ని నేనే, కనిపించనిది నాకే.

పాస్‌వర్డ్ తీసుకున్నందుకు, సరేనని కొట్టినందుకు ఏ శిక్ష వేసినా నాకు వేయండి. కావాలని చేశాడన్న మాట మాత్రం ఆయన మీద ఉంచకండి. ఆయన కంటికి మళ్లీ కట్టు కట్టించండి, చుక్కల మందు నా సంచిలో ఉంది.

ఇందులో రాసినదంతా నేను చూసింది, విన్నది, నా చేత్తో చేసింది. ఎవరూ చెప్పి రాయించలేదు. చదివి వినిపించాక ఒప్పుకుని కింద సంతకం చేశాను.

నిన్న రాసిచ్చిన కాగితం కాల్చేయమని అడిగాను. ఇక్కడ ఏదీ కాల్చరన్నారు. అయితే దాని పైన ఇది పెట్టండి. చదివేవాళ్లు ముందు ఇది చదవాలి.

(సంతకం)