పీ అంటే పోనివ్వు

హలో… ఆ, నేనేనమ్మా, మీ మామగారిని. పాప పడుకుందా?… సరే, మెల్లిగా మాట్లాడు. మీ నాన్నగారు దగ్గర్లో ఉన్నారా?

పక్క గదిలోనా… ఏం చేస్తున్నారు?

అప్పుడే ఆట తెరిచి కూర్చున్నారూ! అయితే విను. నువ్వు ఆయన కూతురివే, కాదనను. నాకు కోడలివి కూడా. ఓ పావుగంట కోడలి వైపు ఉండు.

నవ్వకు తల్లీ. ఈ కార్ల పందెంలో నేనోడితే పాపకి మీ నాన్నగారు వాళ్ళమ్మ పేరు పెడతారు. గూడ్సు బండిలా సాగుతూనే ఉంటుంది ఆ పేరు. బళ్ళో హాజరు పిలవడం పూర్తయ్యేసరికి ఇంటిగంట కొట్టేస్తారు. అదే మా అమ్మ పేరనుకో…

నిన్ను అడగలేదా? మా ఇద్దరి పోట్లాట భరించలేక 'ఆటలో తేల్చుకోండి' అన్నది నీ మొగుడే కదా!

సరే, అసలు సంగతికొస్తా. నా కంట్రోలరు పాతది. దాని మీదున్న పుల్ల తిప్పితే ఆటకి తెలుస్తోంది గానీ బటన్లు నొక్కితే ఉలకదు, పలకదు. నువ్వు చెప్పిన ఆ బటన్లు మార్చే సాఫ్టువేరు ఎక్కించా… ఎక్కింది. పెద్ద పైపుకీ చిన్న పైపుకీ మధ్య మనం రెడ్యూసరు బిగిస్తాం చూడు, అలాంటిదేగా? నేను కంట్రోలరు నొక్కితే ఆటకి కీబోర్డు నొక్కినట్టు అందుతుంది… ఆ, అర్థమైంది. పైపుల దుకాణం ఊరికే నడుపుతున్నానా?

ఇబ్బందేమిటంటే — కారు పోనిమ్మంటే ఆటే ఆగిపోతోంది. ఆగమంటే ఎడమకి తిరిగి గోడని గుద్దుతోంది.

ఏ బటనుకి ఏ అక్షరం ఇచ్చానా? పద్ధతి ప్రకారమే ఇచ్చానమ్మా. పీ అంటే పోనివ్వు. ఏ అంటే ఆగు. కే అంటే కుడి. ఈ అంటే ఎడమ.

హలో?… హలో?… ఏడుస్తున్నావా అమ్మా?

నవ్వా. కానీ, కానీ.

ఏమిటీ… ఆ ఆటలో పీ అంటే నిలిపెయ్యడమా? ఏ అంటే ఎడమా? ఆ చేసినవాడికి తెలుగు రాదా?… ఊఁ… నిజమేలే. గిరాకీ అడిగిన సైజు ఇవ్వాలి గానీ, మనకి నచ్చింది అంటగడితే ఎలా. చెప్పు, మార్చేస్తా… పై బాణం, పోవడానికి… కింద బాణం, ఆగడానికి… పుల్లకి కుడి, ఎడమ బాణాలు…

— ఏమయ్యా, కాసేపు కూర్చో. నీ ఎల్బో పైపు ఎక్కడికీ పోదు… ప్లంబరులే అమ్మా. నువ్వు చెప్పు.

ఆఁ! పోతోంది! పోతోందమ్మా! కానీ కాస్త కుడికి తిప్పితే గిర్రున బొంగరమైపోతోంది…

ఆట అసలు కంట్రోలరు చెప్పిందీ వింటోంది, సాఫ్టువేరు చెప్పిందీ వింటోంది… అంటే ఒకే సరుకుకి రెండు బిల్లులు! ఇలాంటి మోసం నా కళ్ళ ముందే?… సెట్టింగుల్లోకి… 'కంట్రోలరు' అన్నచోట టిక్కు తీసెయ్యాలి… తీసేశా… అబ్బ! వెన్నలా వెళ్తోంది. నిన్ను కోడలిగా తెచ్చుకోవడం నా వ్యాపారంలో అసలైన లాభం.

మీ నాన్నగారు పిలుస్తున్నారు, ఆటలోకి. వెళ్తున్నా… లైనులోనే ఉండు, పెట్టెయ్యకు. ఎర్రది నాది. నల్లది ఆయనది. ఈ పసుపు కారెవరిది?

కంప్యూటరు మీద నడుస్తోందా. సరే, నడవనీ.

మొదలైంది! — ఏమయ్యా, నువ్వు పక్కకి జరుగు, మలుపు కనబడట్లేదు! — దాటేశా! బావగారు గడ్డిలో పడ్డారు! చూశావా?… చూశావా అమ్మా? మాట్లాడవేం?

ఆ కీచుమనే చప్పుడేమిటి, నీ ఫోనులోంచి?… మీ నాన్నగారిదా? తలుపేసుకో మరి… వేసే ఉందా?

ఈ పసుపుది వెనకాలే వస్తోంది… ఎడమకొచ్చింది… ఇదేం కంప్యూటరమ్మా, మనిషి కంటే — ఏయ్! ఏయ్! పక్కకి తోసేసింది! గెలుపు గీత అక్కడే, అదిగో —

…

గెలిచిన ఆ పసుపు కారు… నువ్వా?

కంప్యూటరన్నావుగా!… 'కంప్యూటరు మీద నడుస్తోంది' అన్నావా… నిజమే, మనందరిదీ కంప్యూటరు మీదే నడుస్తోంది. మాట భలే తూచి వాడావే. నాకు గుమస్తాగా ఉండాల్సినదానివి.

సరే. గెలిచినవాళ్ళదే పేరు. కన్నతల్లివి, కాదనడానికి మేమెవరం. ఏం పెడతావు?… ఇంకోసారి చెప్పు… రెండక్షరాలేనా?… ఊఁ.

అక్కడ ఎవరా అరుస్తున్నది?… ఫోను ఆయనకివ్వు.

బావగారూ! అయిపోయాం… అవును, మనమ్మాయే… ఏమిటీ, మీ కంట్రోలరు కూడా పొద్దున తనే సరిచేసిందా? మీరు ఏ అక్షరాలు ఇచ్చుకున్నారేం?… 'వీ' అంటే వెళ్ళు, 'ఎన్' అంటే నిలు! అచ్చం నా బుర్రే మీదీనూ!

పేరు విన్నారా?… నాకూ నచ్చింది. బాగా నచ్చింది… కానీ బావగారూ, ఒక్క మాటకే ఒప్పేసుకుంటే మన విలువేముంటుంది? కాస్త బిగిద్దాం. రేపు భోజనాల వేళదాకా మీరక్కడ మూతి ముడుచుకోండి, నేనిక్కడ ముడుచుకుంటా… అమ్మాయి దగ్గర్లోనే ఉందా? అయితే గట్టిగా ఓ మాటనండి నన్ను… ఇంకాస్త కోపంగా… ఆ, బాగుంది. ఇప్పుడు ఠక్కున పెట్టెయ్యండి —