పొట్లంలో పొట్లం

తిరుపతి. మధ్యాహ్నం మూడుంబావు. ఫోన్లో ఇద్దరు.

“ఆపేసి మళ్ళా ఆన్ చేసినా నాయనా. పొద్దున్నించి మూడుసార్లు చేసినా. నీకంటే ముందు మాట్లాడిన పాప అదే చెప్పింది. ఆమెకంటే ముందు ఇంకొకాయన అదే చెప్పినాడు.”

“సారీ మేడం. నా పేరు జోయల్. చిత్తూరు నుంచి మాట్లాడతా ఉండా. ల్యాబు వెబ్‌సైటు చూసుకునేది నేనే. మీ పేరు చెప్పండి.”

“లోకేశ్వరి. రిపోర్టు మా ఇంటాయనది, మునిచంద్రది. గొంతులో గడ్డ ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపినారు. నిన్న సాయంత్రం రిపోర్టు రెడీ అని ఇద్దరి ఫోన్లకూ మీరే మెసేజ్ పెట్టినారు. లింకు నొక్కితే అంతా పిచ్చి గీతలు.”

“పిచ్చి గీతలంటే... అక్షరాలు విరిగిపోయినట్టా?”

“తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు. పెట్టెలు, కొక్కేలు, తలకిందుల ప్రశ్న గుర్తులు. మా ఆయన చూసి, ఇది డాక్టరు చేతిరాత, అట్నే ఎక్కించేసినారు అన్నాడు.”

“హహ... బాగా చెప్పినాడు సార్.”

“చెప్పి డ్యూటీకి పోయినాడు. ఈడ కూర్చోని నొక్కేది నేను.”

“బ్రౌజరు మార్చి—”

“మార్చినా. క్రోమ్‌లో చూసినా, ఫైర్‌ఫాక్స్‌లో చూసినా, పక్కింటి హేమశ్రీ ల్యాప్‌టాప్‌లో చూసినా. ఫోన్లో దాచుకున్న పాత పేజీలు తుడిచేయమంటే తుడిచినా. ఏది ఎన్ని గంటలకు చేసినానో కాగితం మీద రాసి పెట్టుకున్నా. చదవమంటావా?”

“వద్దు మేడం, వద్దు. ఈడ నాకైతే పేజీ చక్కగా తెరుచుకుంటా ఉండాది. అందుకే...”

“అయితే చదివి చెప్పు.”

“నేను చూసేది శాంపిలు పేజీ మేడం. పేషెంట్ల రిపోర్టులు మేం తెరవకూడదు. పోనీ మా కౌంటరుకు పోయి అడిగితే...”

“పోయినా. ఆ పాప కంప్యూటర్లో కూడా ఇవే గీతలు.”

“కౌంటర్లో కూడానా? ఆ మాట నాకెవరూ చెప్పలేదే!”

“నన్నెవరూ అడగలేదు. అందరూ ఆపి ఆన్ చేయమన్నారు.”

“...సారీ మేడం.”

“సారీ ఉండనీ. ఒక మాట విను. మా అత్త షుగరు రిపోర్టు, పోయిన నెలది, అది కూడా తెరిచి చూసినా. అప్పుడు బాగానే ఉన్నింది, ఇప్పుడు అదీ గీతలే. కానీ రెండిటికీ మొదలు ఒకటే.”

“మొదలంటే?”

“మొట్టమొదటి గుర్తు. లెక్కల్లో ఇది దానికంటే తక్కువ అని వేస్తామే, ఆ గుర్తు. ఇంకా చిన్నగా. రెండు పేజీలూ దాంతోనే మొదలు. చెడిపోయుంటే ఒక్కోటి ఒక్కో రకంగా చెడిపోవాల కదా?”

“...మేడం, మీరేం చదివినారు?”

“బీఎస్సీ. ఇప్పుడు అదెందుకు?”

“ఎందుకంటే, కుదించిన ఫైలుకు మొదట్లో వచ్చే గుర్తు అది. పేజీ చెడిపోలేదు. విప్పకుండానే మీకు కనపడతా ఉండాది.”

“కుదించేదేంది, విప్పేదేంది?”

“పేజీ తొందరగా రావాలని సర్వరు దాన్ని చిన్నగా చుట్టి పంపిస్తాది. చుట్టినాను, విప్పి చూపించు అని పైన ఒక చీటీ పెడతాది. చీటీ చూసి బ్రౌజరు విప్పుతాది.”

“చీటీ పెట్టడం మర్చిపోయినారేమో.”

“ఉండాది మేడం. ఇప్పుడే చూసినా. బ్రౌజరు విప్పే ఉంటాది.”

“విప్పినా విప్పనట్టే ఉండాదంటే లోపల ఇంకో పొట్లం ఉండాదేమో చూడు. తిరుచానూరులో నేను పూలు కొనే ఆమె కనకాంబరాలు ఆకులో కట్టి, మళ్ళా పేపర్లో చుట్టిస్తాది. పేపరు తీసినంత మాత్రాన పూలు కనపడవు.”

“ఒక్క నిమిషం మేడం, సర్వరు చూస్తా.”

“నాయనా? ఉండావా?”

“ఉండా మేడం. నిన్న మధ్యాహ్నం కొత్త సర్వరు పెట్టినాం. అది ఒకసారి చుడతా ఉండాది. బయటికి పంపే మిషను మళ్ళా ఇంకోసారి చుడతా ఉండాది. చీటీ మాత్రం ఒకటే. నేను ఆఫీసు లోపలినుంచి చూస్తా కాబట్టి నాకు ఒక చుట్టే.”

“అందుకే నీకు చక్కగా ఉండాది.”

“అందుకే. రెండో చుట్టు తీసేస్తే సరి. పది నిమిషాలు పడతాది. నేనే ఫోన్ చేస్తా.”

“వద్దు, లైన్లోనే ఉంటా. పెట్టేస్తే మళ్ళా ఆపి ఆన్ చేయమనే పాప దగ్గరికే పోతాది.”

“సరే మేడం... సార్‌ది ఏం డ్యూటీ?”

“ఘాట్ బస్సు డ్రైవరు. ఇరవై ఒక్క ఏండ్లుగా అదే దోవ. ఇప్పుడు కొండపైన ఉండాడు, నాలుక్కు బండి దించతాడు. బండి తీసేముందు ప్రతిసారీ లింకు నొక్కి చూస్తా ఉండాడు. ఇందాక కూడా మెసేజ్ పెట్టినాడు, ఇంకా డాక్టరు చేతిరాతేనని.”

“ధైర్యంగానే ఉండాడు సార్.”

“నవ్వతా ఉండాడు. నాలుగు రోజులుగా అన్నం కలిపి, కలిపి, అట్నే వదిలేసి లేస్తా ఉండాడు.”

“అయ్యో మేడం.”

“నీ పని నువ్వు చూసుకో నాయనా.”

“అయిపోవచ్చింది మేడం... ఒక్క నిమిషం... ఆ. ఇప్పుడు నొక్కండి.”

“నొక్కినా. తిరగతా ఉండాది.”

“తిరగనీండి.”

“వచ్చింది.”

“గీతలా?”

“గీతల్లేవు.”

“అబ్బ! పేరు సరిగా ఉండాదా?”

“మునిచంద్ర. యాభై రెండు.”

“కింద డాక్టరు సంతకం?”

“ఉండాది.”

“మధ్యలో పేరా?”

“...”

“మేడం, మధ్యలో పేరా ఉంటాది చూడండి. అక్షరాలు స్పష్టంగా ఉండాయా?”

“స్పష్టంగా ఉండాయి.”

“హమ్మయ్య. మీ పుణ్యమా అని దొరికింది మేడం. ఇంక అందరి ఫోన్లలోనూ ఇట్నే తెరుచుకుంటాది.”

“అందరి ఫోన్లలోనూనా?”

“అందరివీ. సార్ ఫోన్లో కూడా.”

“టైమెంత నాయనా?”

“నాలుక్కు ఎనిమిది నిమిషాలు తక్కువ.”

“ఆ రెండో చుట్టు మళ్ళా చుట్టగలవా?”

“ఏంది మేడం?”

“ఇప్పుడు తీసినావే, అదే. మళ్ళా చుట్టెయ్.”

“పొద్దున్నించి దీనికోసమే కదా మేడం మీరు...”

“బండి తీసేముందు ఆయన నొక్కుతాడు నాయనా. వెనక నలభై మంది కూర్చోని ఉంటారు. కిందికి దించేదాంకా, దాన్ని డాక్టరు చేతిరాతగానే ఉండనీ.”