తెరమీదికి రాని కాల్

నా పేరు పైన రాసుకున్నారు. వయసు ముప్పై ఒకటి. అగ్నిమాపక కేంద్రం కంట్రోల్ రూమ్‌లో ప్రోగ్రామర్‌ని. సోమవారం సాయంత్రం నిప్పంటుకున్న గోడౌన్ నుంచి వాచ్‌మన్ చేసిన కాల్ తీయలేదని మీరు ఈ పోలీస్ స్టేషన్‌కి పట్టుకొచ్చిన ఆపరేటర్ మా అక్క. అక్క కాబట్టి వెనకేసుకొస్తున్నానని అనుకుంటారేమో, అనుకోండి. ముందు నేను చెప్పేది వినండి.

ఆగి ఉన్న కాల్స్ మా ప్రోగ్రామ్‌లో గొలుసులా ఉంటాయి. ప్రతి కాల్‌కీ తన వెనక ఏముందో మాత్రమే తెలుసు. సి భాషలో దీన్ని లింక్డ్ లిస్ట్ అంటాం. ఈ గొలుసు పనులన్నీ మా చీఫ్ మాక్రోలతో రాశారు. మాక్రో అంటే ఒక పొట్టి పేరు. ఆ పేరున్న ప్రతిచోటా కంపైలర్, అంటే మేం రాసింది మెషిన్‌కి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్, దాని పూర్తి పాఠాన్ని అతికిస్తుంది. ఆఫీసులో ఆయన్ని గొలుసు మేస్త్రి అంటారు. ఆ మాట వింటే ఆయనకు కడుపు నిండిపోతుంది.

సోమవారం మధ్యాహ్నం ఆయన కొత్త లైను ఒకటి చేర్చారు. "కాల్ ఉంటే తెరమీద చూపించు" అనే మాక్రో బ్రాకెట్‌లో "గొలుసులోంచి మొదటి కాల్ తియ్యి" అనే పనిని పెట్టారు. బ్రాకెట్‌లో పెట్టింది ఆ మాక్రోలో రెండు చోట్ల అతుకుతుంది. దాంతో ఉందా అని చూసేటప్పుడు ఒక కాల్ బయటికొచ్చింది, చూపించేటప్పుడు ఇంకోటి. మొదటిది, వాచ్‌మన్‌ది, గాల్లో కలిసిపోయింది. అక్క తెరమీదికి రెండోదే వచ్చింది. రాని కాల్‌ని ఎలా తీస్తుంది సార్? ఒకటికి మించి కాల్స్ ఆగితేనే ఆ లైను నడుస్తుంది, అందుకే సాయంత్రం దాకా ఏ కాలూ తప్పిపోలేదు.

పొరపాటు ఎవరైనా చేస్తారు. నా అనుమానం దానిమీద కాదు. మంగళవారం పొద్దున్నే ఆయన ఎవరికీ చెప్పకుండా ఆ మాక్రో తీసేసి మామూలు ఫంక్షన్ పెట్టారు. ఫంక్షన్ అయితే బ్రాకెట్‌లో పెట్టిన పని ఒక్కసారే జరుగుతుంది. ఎందుకండీ అని అడిగాను.

"ఏముందమ్మా, చూడ్డానికి బాగుంటుందని" అన్నారు.

ఇన్నేళ్లూ మాక్రోలని నెత్తిన పెట్టుకున్న మనిషికి ఉన్నట్టుండి అందం మీద మోజు పుట్టిందా? అక్క కునుకు తీసిందని మీకు చెప్పిందీ ఆయనేగా!

సోమవారంనాటి పాత ప్రోగ్రామ్ వెనక గదిలో స్పేర్ మెషిన్‌లో ఇంకా ఉంది. రెండు కాల్స్ ఒకేసారి పంపి చూడండి, మీకే తెలుస్తుంది. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. అయినా ఇవాళ బస్టాపులో నిలబడితే ఆయనే కారు ఆపారు. "స్టేషన్‌కేనా? రామ్మా, దింపేస్తా" అన్నారు. స్టేషన్‌కని నేను అనలేదు. దారంతా నవ్వుతూనే ఉన్నారు. దిగేటప్పుడు మాత్రం, "ఆ స్పేర్ మెషిన్ పాతబడిపోయింది, అంతా చెరిపేయాలి" అన్నారు.

నేను బయటికొచ్చేదాకా ఆగుతానన్నారు. ఇందాక కిటికీలోంచి చూశాను. కారు లేదు. ఆ గది తాళంచెవి ఆయన జేబులోనే ఉంటుంది.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఒక్క ముక్క కల్పించలేదు. ఇదిగో సంతకం. ముందు జీపు తియ్యండి సార్.

(సంతకం)