తర్లుపాడు ఫైనల్లో మూడో అడుగు

రెండు వేల ఒకటో సంవత్సరం ఆగస్టు పంతొమ్మిదో తేదీన మార్కాపురం బాస్కెట్‌బాల్ రెఫరీల సంఘంలో ఈల మెడలో వేసుకున్న షేక్ అనీస్ గారి మీద, వారి అభినందన సంచికకు ఈ మాటలు రాస్తున్న టైమ్‌కీపర్ రామాంజికి, నాలుగు నెలలు తిరక్కముందే ఒక ఫిర్యాదు పుట్టి ఇరవై నాలుగేళ్లు బతికింది. అభినందనలో ఫిర్యాదేమిటని పెద్దలు కోప్పడవద్దు. అనీస్ గారి ఘనత అక్కడినుంచే మొదలవుతుంది.

ఏడో తరగతితో బడి మాని పలకల గనిలో చేరిన రామాంజి, ఆట పిచ్చితో తర్లుపాడు జట్టు పెట్టి, బూట్లకూ భోజనాలకూ తనకున్న నలభై రెండు సెంట్ల చేను అమ్మాడు. ఆ డిసెంబరు ఫైనల్లో ఆ జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, ఆఖరి క్షణంలో జట్టులోని పుల్లలచెరువు చిన్నమల్లయ్య బంతిని బుట్టలో వేశాడు. జనం కేకల మధ్య అనీస్ గారి ఈల మోగింది. బంతిని నేలకు కొట్టకుండా మూడో అడుగు వేశాడని తీర్పు. బుట్ట చెల్లలేదు, కప్పు దక్కలేదు.

“ఏంది సాయిబూ, అడుగులు లెక్కబెట్టను రానోడికి ఈలెందుకు?” అని రామాంజి మీదికి పోయాడు.

“మూడోది పడింది రామాంజన్నా. పడకుంటే నేనెందుకు ఊదుతా?”

అనీస్ గారి తప్పు పట్టుకోవాలన్న ఏకైక సంకల్పంతోనే రామాంజి 2004లో టైమ్‌కీపర్ బల్ల దగ్గర చేరాడు. పట్టుకోలేకపోయాడు. ఎందుకంటే ఆ పని అనీస్ గారే ముందు చేసుకునేవారు. మ్యాచ్ ముగియగానే ఓడినవాళ్ల దగ్గరికి పోయి, “ఎక్కడ తప్పినానో చెప్పండి” అని అడిగి పలక మీద రాసుకోవడం, వీడియోలో చూసి నిజం తేలిన తరువాతే తుడవడం వారి నియమం.

ఆ పలకతోనే వారు రాష్ట్ర స్థాయికీ, జాతీయ స్థాయికీ, 2019లో ప్రొఫెషనల్ లీగుకూ ఎదిగారు. 2023 ఫైనల్లో సొంతూరి జట్టు ఆఖరి బంతిని చెల్లుతుందని ప్రకటించి, హాలంతా గెలుపు కేకలు వేస్తుండగా, ఎవరూ అడగకుండానే వీడియో తెర దగ్గరికి నడిచారు. గడియారం ఆగాకే బంతి చేయి విడిచింది. తన తీర్పును తానే కొట్టేశారు.

“నిన్ను చూడమని ఎవరడిగినారయ్యా?” అని ఆ జట్టు యజమాని పాల్ రాజు గారు గర్జించారు.

“ఎవరూ అడగలేదు సార్. నాకే అనుమానమొచ్చింది.”

మరుసటి ఏడు ఫైనల్‌కు రెఫరీ ఎవరు కావాలని ఎనిమిది జట్లనూ అడిగితే ఎనిమిదీ అనీస్ గారి పేరే రాశాయి. ఓడిన పాల్ రాజు గారిది మొదటి చీటీ!

అంత అనుమానం గల మనిషికి ఆనాడు రాలేదా అన్నదే రామాంజి బాధ. పోయిన నెల ఈ వ్యాసం వివరాల కోసం చిన్నమల్లయ్య ఆటోలోనే వారింటికి వెళ్లి, ఉండబట్టలేక అడిగేశాడు. అనీస్ గారి భార్య ఫర్హత్ గారు బీరువా మీదినుంచి ఇంకో పలక దించారు. ‘తర్లుపాడు. మూడో అడుగు?’ అని ఉంది.

“మూడిండ్లు మారినాం అన్నా. సామాను లారీలో, ఇది మాత్రం మీ తమ్ముని ఒళ్లో!” అన్నారామె.

“దీనికి వీడియో లేదు కదన్నా,” అన్నారు అనీస్ గారు. “తుడవను చెయ్యి రాలే.”

గడపలో నిలబడ్డ చిన్నమల్లయ్య తల దించుకున్నాడు. “తుడిచెయ్ సాయిబూ. పడింది. నా కాలు నాకు తెల్దా?”

“ఇన్నేండ్లు నోట్లో ఏం పెట్టుకోనుంటివిరా?” అని రామాంజి అరిచాడు.

“నీ చేను పోయినాక ఆ మాట ఎట్ల చెప్పేదన్నా?”

అనీస్ గారు జేబురుమాలు తీసి, అక్షరం అక్షరం తుడిచారు. కళ్లు కూడా.

ఒక్క అనుమానమూ మిగలకుండా ఈల దించుతున్న అనీస్ గారు, ఫర్హత్ గారితో కలిసి నిండు ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలి. వారి పలక చూసి కొత్త రెఫరీలు నడక నేర్వాలి. రామాంజి తన ఫిర్యాదును సభాముఖంగా వెనక్కు తీసుకుంటున్నాడు. తర్లుపాడు రోడ్డు పక్కన అతనికి పోయింది నిజమే గానీ, అనీస్ గారి ఈల వల్ల పోలేదు ఆ నలభై రెండు సెంట్లు.