అళుత్తం అని రాసిన పెట్టెలు

అదేందమ్మా, చక్కెర ఎక్కకపోతే నేనేం చేసేది? పిల్లెలకలకు దొంగతనంగా కాకరకాయేమన్నా తినిపించినానా?

కూచోండి ఇందుమతమ్మా. కంప్యూటరు కక్కిన ఆ కాయితం పట్టుకోని పొద్దున్నించి నిలబడే ఉండారు. ఎలకల గది ఊడ్చేదాన్నయినా, మీ పరీక్ష నాకూ తెలుసు. కడుపుతో ఉండే ఎలకను దినమూ అర గంట సన్న గొట్టంలో ఇరికించి బెదరగొట్టేది. దానికి పుట్టిన పిల్లలకు డాల్డా కలిపిన తిండి పెట్టేది. అప్పుడు వాటి నెత్తురులో చక్కెర ఎక్కాల. అంతే గదా? మా అత్త బతికుంటే వాకిట్లో కూచోబెట్టుందును, గొట్టమే అక్కరలేకపోవును!

పద్దెనిమిది పిల్లల్లో ఒక్కదానికీ ఎక్కలా. గుడియాత్తంలో గంజి తాగే నాకు ఎక్కి కూచునింది, డాల్డా మింగే ఈ మహారాజులకు ఎక్కలా!

మీరు మద్రాసులో ఉన్న మూడు వారాలూ తల్లెలకల్ని చూసుకునింది నేనే. ఒప్పుకుంటా. పెట్టెల మీద చీటీలు అంటించి పోతిరి. మన మాట తెలుగైనా, అరవై ఏండ్లకు పెద్దోళ్ళ బడిలో నాకు వచ్చింది అరవ అచ్చరాలే గదా, అందుకని అరవంలో రాసినారు. 'అళుత్తం, అర గంట.' కూడబలుక్కోని చదివినా. అ... ళు... త్తం. అంటే ఏంది? నొక్కేది! కడుపుతో ఉండేవాటికి నడుము నొక్కమంటాండారు, ఎంత మంచి మనసో అనుకుంటి. ఒక్కోదాన్ని అరచేతిలో పండబెట్టుకోని వేలి కొసతో నొక్కినా. మొదట కరిచినాయి. మూడో దినానికి అవే వచ్చి వీపు చూపించినాయి!

నవ్వుతాండారా? నవ్వండి. అయ్యో... అది నవ్వు కాదా?

ఏందీ? తప్పు మీదా? అళుత్తమంటే బెదరగొట్టే ఒత్తిడి అనుకోని రాస్తిరి, నొక్కేదని కూడా అర్థమొస్తాదని చూసుకోలేదని పెద్ద డాక్టరుకు మీరే రాసిస్తారా? మీ పట్టా పోదా? రెండేండ్ల పనమ్మా! ఆ పెన్ను కింద పెట్టండి. నా మాట వినండి.

పోయే ముందు దినం నాకు గొట్టం చూపించినారు గదా. ఎలకను దాంట్లోకి ఎట్ల దోయాలో రెండు మాట్లు చేసి చూపించినారు. అళుత్తమంటే ఆ గొట్టమే అని చీటీ చదవంగానే అర్థమయింది నాకు. ఒకదాన్ని దోసినా కూడా. లోపల తిరిగేదానికి చోటు లేక, కాళ్ళు కూడా ఆడించలేక, నన్నే చూస్తా ఉండిపాయె. లాగేసినా. ఇంక దోయలా.

నొక్కేదీ గిక్కేదీ అనుకుంటినని చెప్పిందంతా ఇప్పుడు మీకోసం కట్టిన కత. నొక్కినమాట నిజమేలెండి, తెలియక నొక్కలేదు, అంతే.

పెద్ద డాక్టరుకు ఇట్ల రాయండి: కుప్పమ్మకు అచ్చరాలు బాగానే వస్తాయి, చెప్పిన పని చేసే బుద్ధే లేదు అని. నేనే చేవ్రాలు పెడతా, ఇటు ఇవ్వండి.