ఎవరూ రాకపోయినా కూర్చున్న రూబీ సిస్టరమ్మ

అయ్యలారా, అమ్మలారా, ఆటోలన్నీ రోడ్డు మీద పెట్టుకుని ఈ పూటకి తమ షెడ్డును మనకు ఇచ్చిన అరసవల్లి ఆటో యూనియన్ అన్నలారా, పాస్టరు గారూ, సత్యం గారూ, అందరికీ నమస్కారం.

కుర్చీలు ఎక్కువే తెప్పించాం. సగం ఖాళీగా ఉన్నాయి. ఫరవాలేదు. రూబీ సిస్టరమ్మకు పక్కన ఖాళీ చోటు కొత్త కాదు.

నా పేరు ఉష. మాది కళింగపట్నం వైపు పల్లె. పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. శ్రీకాకుళం బస్టాండు వెనక చేపలు అమ్ముతాను. ఇంటరు దాకా చదివాను కాబట్టి చెప్పాలనుకున్నది రాసుకుని వచ్చాను. చదువుతూ చదువుతూ ఆగిపోతే ఏమీ అనుకోకండి.

మంగళవారం మధ్యాహ్నం సిస్టరమ్మ పోయారు. గుండెపోటు అన్నారు డాక్టరు గారు. పక్కింటి లక్ష్మణమ్మ గారు పచ్చడి గిన్నె తిరిగి ఇద్దామని వెళ్లి తలుపు తోసి చూస్తే, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారట. అప్పటికే అయిపోయింది. దగ్గర ఎవరూ లేరు. ఈ మాట రాసి, కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు. ఉన్నది దాచితే ఆవిడకు నచ్చేది కాదు.

ఆవిడెవరో సరిగా తెలియకుండా వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల కోసం చెబుతాను. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు సత్యం గారి కొడుకు ఎలీషాను చంకన వేసుకుని పెంచారు. 2011లో ఆ ఎలీషా పోయాడు. మత్తు కోసం నొప్పుల ఇంజెక్షన్ ఎక్కించుకున్నాడు. డోసు ఎక్కువైంది. స్నేహితులు ఆటోలో తెచ్చి, ఆసుపత్రి గేటు పక్క అరుగు మీద పడుకోబెట్టి పారిపోయారు. డాక్టర్లు చూసేసరికి ప్రాణం లేదు.

ఇంట్లో మగవాళ్లంతా ఆ కుర్రాళ్లను వెతకడానికి బయల్దేరారు. దొరికితే ఏం చేసేవారో మీకు తెలుసు. సిస్టరమ్మ కూడా వెతికారు. ముందు ఆవిడకే దొరికాడు, బెన్హర్ అనే అబ్బాయి. పాతపట్నంలో వాళ్ల అక్క ఇంట్లో దాక్కున్నాడు. ఆవిడను చూడగానే రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని కూలబడ్డాడట. దెబ్బ పడుతుందనుకున్నాడు. సిస్టరమ్మ అతని పక్కనే నేల మీద కూర్చున్నారు. ఒక్క మాట అడిగారు.

"ఆఖర్ని మా గుంటడు ఎలగున్నాడు నాయినా? నాకు సెప్పు."

బెన్హర్ చెప్పాడు. ఎలీషా గట్టిగా గురక పెట్టాడట, గొంతులో నీళ్లు ఆడుతున్నట్టు. "నిద్రపోతన్నాడనుకున్నాం సిస్టరమ్మా" అన్నాడట. పెదాలు నీలంగా మారాక గానీ భయం వెయ్యలేదట. భయం వేశాక పోలీసులు గుర్తొచ్చారట.

అయ్యలారా, ఆ మాట విన్న మేనత్త ఏం చేయాలి? శపించాలా? కేకలు పెట్టి నలుగురినీ పిలవాలా? సిస్టరమ్మ ఆ పిల్లాడి అక్కను పిలిచి, వీడు అన్నం తిని ఎన్నాళ్లయిందమ్మా అని అడిగారట. ఊపిరి ఆగిపోయే ముందు వచ్చే గురక నర్సుగా ఆవిడకు తెలుసు. ఆ పిల్లలకు తెలియదు. పైగా భయం. తెలియక సగం, భయపడి సగం, పిల్లాడు చేతుల్లోంచి జారిపోయాడు.

ఆ తర్వాత ఆవిడకు ఇంకో పని లేదు. బస్టాండు వెనక పాత గోడౌన్ దగ్గర సూదులు వేసుకునేవాళ్లు చేరతారు. రోజూ మధ్యాహ్నం అక్కడికి సంచి పట్టుకుని వెళ్లేవారు. అందులో ఒకరి సూది ఒకరు వాడి రోగాలు తెచ్చుకోకుండా కొత్త సూదులు, పుళ్లకు మందు, బిస్కెట్లు. వాడేసిన సూదులు డబ్బాలో వేసుకుని తీసుకుపోయేవారు. వచ్చిన ప్రతివాడికీ ఇదే పాఠం:

"అది నిద్ర కాదు బాబూ. అలగ గురకెడితే లేపండి. లెగకపోతే పక్కకి తిప్పండి. ఊపిరి లేకపోతే నోట్లో మీ ఊపిరూదండి. బేగి ఫోన్ సెయ్యండి. మనిషిని ఒక్కడ్నీ వొగ్గీకండి."

ఈ షెడ్డులోనే ఒక తలగడ పడుకోబెట్టి ఆటో అన్నలకు ఊపిరి ఊదడం నేర్పారు. మీరంతా నవ్వారు. ఆవిడ కూడా నవ్వారు. నేర్పకుండా మాత్రం పోలేదు.

దీనికి ఆవిడ ఏం పోగొట్టుకున్నారు? బెన్హర్‌ను తన ఇంటికి పిలిచి అన్నం పెట్టారని సత్యం గారు అక్కతో మాట మానేశారు. సత్యం గారూ, నేను మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. కొడుకును వదిలి పారిపోయినవాడు అక్క ఇంట్లో భోంచేస్తున్నాడంటే ఏ తండ్రి ఆ గడప తొక్కుతాడు? ఇవాళ మీరు వచ్చారు. మీకు దండం పెడుతున్నాను. చర్చిలో ఆవిడ కూర్చున్న బెంచీ మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. ఆ సూదులు పట్టుకున్న చేతులతో మన పిల్లల్ని ముట్టుకుంటుందేమోనని భయం. అయినా ఆవిడ ఏ ఆదివారమూ మానలేదు. ఆ బెంచీ చివరన కూర్చుని అందరితో పాటు పాడి, అందరికంటే ముందు లేచి వెళ్లిపోయేవారు. గుమ్మం దగ్గర పలకరింపుల వేళ ఎవరికీ ఇబ్బంది కలగకూడదని.

నాకు మాత్రం ఆవిడంటే మంట. నా భర్త ధనరాజు ఆ గోడౌన్ మనుషుల్లో ఒకడు. ఒకరోజు ఆవిడ అతని చేతిలో కొత్త సూది పెట్టడం చూశాను. చేపల గంప కింద దించి, నలుగురూ చూస్తుండగా అరిచాను. "మానిపించడం పోయి సూదులిస్తావేటి? నీ సేతుల్తోనే సంపీ!" అన్నాను. నేను అలిసిపోయేదాకా ఆవిడ అలాగే నిలబడ్డారు. తర్వాత మెల్లగా, "మానిపించడానికి మనిషుండాల గదమ్మా. ముందు ఉండనీ" అన్నారు. ఆ మాట ఆ రోజు నాకు ఎక్కలేదు.

ఆ రోజుల్లోనే స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి ఒక ఇన్‌స్పెక్టరు గారి దగ్గర మాట తీసుకున్నారు. ప్రాణం మీదకు వచ్చినవాడిని ఆసుపత్రికి తెస్తే, తెచ్చినవాడి మీద కేసు ఉండదని. అందరికీ చెప్పారు. అందరూ నమ్మారు. తర్వాత ఆ ఇన్‌స్పెక్టరు గారికి బదిలీ అయింది. అది మాకెవరికీ తెలియదు. అప్పలసూరి అనే అతను గోడౌన్ దగ్గర పడిపోతే ధనరాజు భుజాన వేసుకుని ఆసుపత్రికి తెచ్చాడు. అప్పలసూరి బతికాడు. ధనరాజును గేటు దగ్గరే పట్టుకుని స్టేషన్‌కు తీసుకుపోయి కొట్టారు.

సిస్టరమ్మ వెళ్లి స్టేషన్ మెట్ల మీద కూర్చున్నారు. "నాను సెప్తేనే ఆడొచ్చేడు. కేసెడితే నా మీదెట్టండి" అన్నారు. మర్నాడు వదిలారు. కానీ ఏం లాభం? ఆవిడ పోలీసుల మనిషి అని పుకారు లేచింది. గోడౌన్‌కు వచ్చేవాళ్లంతా వేరే చోట్లకు చెదిరిపోయారు. ఫోన్లు ఎత్తడం మానేశారు. తమ్ముడు లేడు, చర్చి లేదు, ఆఖరికి ఎవరి కోసం అందరినీ వదులుకున్నారో వాళ్లూ లేరు.

ఆ ఎండాకాలమంతా ఆవిడ ఏం చేశారో నేను చూశాను. రోజూ వచ్చేవారు. పగిలిన సిమెంటు తూము మీద గొడుగు వేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఎవరూ వచ్చేవారు కాదు. పొద్దు వాలాక లేచి, చీర దులుపుకుని వెళ్లేవారు. ఎంత కోపం ఉన్నా, అలా కూర్చున్న మనిషిని రోజూ చూడటం నా వల్ల కాలేదు. ఒకరోజు వెళ్లి అడిగాను. "ఎవలూ రారు సిస్టరమ్మా, ఎందుకు కూకుంటావు?"

"రారు. వొచ్చిన రోజుని నాను లేకపోతే ఆడెటెళ్తాడు?" అన్నారు.

డబ్బా విప్పి అన్నంలో సగం నాకు పెట్టారు. మాట్లాడటానికి మనిషి దొరికి ఎన్నాళ్లయిందో! ఎలీషా చిన్నప్పుడు స్నానానికి పిలిస్తే మంచం కింద దూరేవాడని, కాలు పట్టుకుని లాగాల్సి వచ్చేదని చెప్పుకుంటూ పోయారు. నేర్పడానికి ఇంకెవరూ లేరు కాబట్టి ఊపిరి ఊదడం నాకే నేర్పారు. నేనూ ఆవిడ మీద జాలితోనే నేర్చుకున్నాను.

వానలు పడ్డాయి. ఒకరోజు చేపలు తొందరగా అయిపోతే ఇంటికి వచ్చాను. ధనరాజు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గురక. గొంతులో నీళ్లు ఆడుతున్నట్టు గురక. అమ్మలారా, అంతకు ముందైతే పడుకోనీ అని తలుపు దగ్గరకు వేసి వెళ్లిపోయేదాన్ని. ఆ రోజు పెదాలు చూశాను. చెంపలు వాయించాను. మా అత్త కూర్మమ్మ పరిగెత్తుకొచ్చి, "పడుకున్నోడ్ని కొడతావేటే!" అని నా జుట్టు పట్టుకుంది. వదిలించుకుని నోట్లో ఊపిరి ఊదాను. అత్త చేత సిస్టరమ్మకు ఫోన్ చేయించాను. మన యూనియన్ ఎల్లాజీ ఆటోలో సిస్టరమ్మ వచ్చారు, కాళ్లకు చెప్పులు కూడా లేవు. ఆసుపత్రి దాకా ఆవిడొకసారి, నేనొకసారి ఊదుతూనే ఉన్నాం. అక్కడ విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చారు. ధనరాజు కళ్లు తెరిచి నన్ను తిట్టాడు. ఆ తిట్టు వినగానే నేను నేల మీద కూర్చుని ఏడ్చేశాను.

బయట గేటు దగ్గర కానిస్టేబుల్ ఉన్నాడు. సిస్టరమ్మ వెళ్లి నాకూ అతనికీ మధ్య నిలబడ్డారు. అతను ఆవిడ కాళ్ల వైపు చూసి, ముఖం తిప్పుకుని అవతలకి నడిచాడు. ఉత్తర్వులేవీ రాలేదు. కానీ ఆ రోజు తర్వాత ఆ గేటు దగ్గర మనిషిని తెచ్చినవాడిని ఎవరూ ఆపలేదు. ఆ కబురు పాకింది. ఒక్కొక్కరే గోడౌన్‌కు తిరిగి వచ్చారు.

ధనరాజు ఇప్పుడు రోజూ ఆసుపత్రికి వెళ్లి మత్తు మాన్పే మాత్ర నాలుక కింద పెట్టించుకుంటున్నాడు. మధ్యలో తప్పాడు కూడా. మీకు అబద్ధం చెప్పను. బతికున్నాడు. ముందు ఉండనీ అన్న మాట నాకు ఇప్పుడు ఎక్కింది.

మరి ఆవిడ ఒంటరితనం తీరిందా? తీరలేదు. గోడౌన్ నిండింది, ఇల్లు నిండలేదు. పోయిన క్రిస్మస్‌కు చేపల పులుసు తీసుకెళ్తే, వాకిలి కడిగి, దీపాలు కట్టి, కొత్త చీర కట్టుకుని, ఆవిడ ఒక్కరే వంటింటి పీట మీద కూర్చుని తింటున్నారు. నన్ను చూసి కంగారుగా లేచి, ఇంకో కంచం కోసం చాలాసేపు వెతికారు.

మంగళవారం ఆవిడ గోడౌన్‌కు రాలేదు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, తూము దగ్గర కాసేపు నిలబడి, అటూ ఇటూ చూసి వెళ్లిపోయారు.

రేపు మధ్యాహ్నం చేపలు అమ్మేశాక నేను వెళ్లి కూర్చుంటాను. నాకు నర్సు చదువు లేదు. భయంగా ఉంది. ఎవరైనా నాతో వచ్చి కూర్చుంటే సంతోషం. రాకపోయినా వెళ్తాను. కానీ అక్కడ ఒక్క మనిషే కూర్చోవడం ఎంత కష్టమో కళ్లారా చూశాను కాబట్టి, సిగ్గు విడిచి అడుగుతున్నాను.

ఇక లేద్దాం. రోడ్డు అవతల ముఖాలకు తువ్వాళ్లు కట్టుకుని నిలబడ్డ తమ్ముళ్లూ, మీరూ లోపలికి రండి. ఇక్కడ ఎవరూ మీ పేరు అడగరు. రెండు నిమిషాలు మాట వద్దు. రూబీ సిస్టరమ్మను తలుచుకోండి. దూరం దూరంగా వద్దు. పక్కవాళ్లకు భుజం తగిలేలా దగ్గరగా జరిగి నిలబడండి.