ఒరేయ్ అన్నది ఎవరిని?

శేరిలింగంపల్లిలోని ఆ అద్దె వాటాలో ఆదివారం పొద్దున్న అతను కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. కొన్నాళ్లుగా ఆఫీసులో 2000 సంవత్సరం కోసం తేదీలు సరిచేసే వైటూకే పనిలో కంప్యూటర్ ముందు కూర్చుని తూగుతున్నాడు, ఇంటికొచ్చి ప్రతిదానికీ చిర్రుబుర్రులాడుతున్నాడు. ఎదురుగా నిలబడ్డ భార్య కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మధ్యాహ్నం ఎప్పుడు ఫోన్ చేసినా ఎంగేజే. ఎవరితో మాట్లాడుతుంటావు?”

“ఎవరితోనూ కాదండీ. రిసీవర్ తీసి పక్కన పెట్టి పడుకుంటాను.”

“పగలు నిద్రా? మరి రాత్రంతా ఏం చేస్తున్నావు?”

ఆమె వంటింటి వైపు తిరిగింది.

“నిన్న ఓనరమ్మ నన్ను ఆపి అడిగింది. ‘రాత్రిపూట నీ పెండ్లాం ఎవర్నో ఒరేయ్, పలకరా అంటది, ఎవరు సారూ?’ అని. నాకు తల కొట్టేసినట్టయింది. నేను పక్కనే నిద్రపోతుంటే ఫోన్‌లో ఎవడే వాడు?”

“ఫోన్ కాదు. మిమ్మల్నే అన్నాను.”

“నన్నా? పెళ్లయినప్పట్నుంచీ ‘ఏమండీ’ తప్ప ఇంకో పిలుపు ఎరగవు నువ్వు!”

“మీరు గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఊపిరి ఆపేస్తారు. ‘ఏమండీ’ అని ఎంత కుదిపినా చలనం ఉండదు. ఓ రాత్రి భయమేసి, అత్తయ్యగారు మిమ్మల్ని లేపినట్టు ‘ఒరేయ్, పలకరా’ అని అరిచాను. గబుక్కున ఊపిరి తీసుకున్నారు. అప్పట్నుంచి మీ గురక ఎక్కడ ఆగుతుందోనని కాపలా కాస్తున్నాను.”

అతను గ్లాసు కింద పెట్టేశాడు.

“ఇంత జరుగుతుంటే నాకెందుకు చెప్పలేదు?”

“మొగుణ్ణి ఒరేయ్ అన్నానని ఏ నోటితో చెప్పమంటారండీ?”